అంగుళంపావు

ఈ ఇల్లు పుడుతూనే ముసలిది.
పంతొమ్మిదివందల ఇరవయ్యేడులో, క్లీవ్‌లాండ్‌కు తూర్పున
ఎరీ సరస్సు గాలి తగిలే దిబ్బ మీద
మరలూ మేకులూ అమ్మి గడించిన థోర్స్‌బీ
నాలుగొందల ఏళ్ల వయసును
రొక్కమిచ్చి కొనుక్కున్నాడు.

ట్యూడర్ రాజుల నాటి ఇల్లు కావాలన్నాడు, అమర్చారు.
కోసుగా లేచిన రెండు ముక్కోణపు ముఖాలు,
మెలితిరిగిన ఇటుకల పొగగొట్టం,
సీసపు పట్టీల్లో బిగించిన డైమండు గాజుముక్కలు,
తల వంచితే గాని లోపలికి రానివ్వని వీధి తలుపు.
తెల్లటి గోడ మీద అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా
నల్లని ఓక్ దూలాలు.
దూలాలని మనం అనుకుంటాం.
తట్టి చూడండి, అంగుళం మందం పలకలు.
బరువంతా వెనక ఇటుక మోస్తుంది,
ఇవి గోడకు పెట్టిన కాటుక.

హ్రిబార్ అనే స్లొవేనియా వడ్రంగికి
మూడు వారాల కూలి ఇచ్చింది ఇందుకే:
కొత్త కర్రను గొలుసుతో బాదడానికి,
బాడిసెతో గాట్లు పెట్టడానికి,
పురుగు తొలిచినట్టు సూదితో పొడవడానికి.
తన ఊళ్లో నాన్న ఇంటి దూలం
నిజంగానే పుచ్చి కూలిందని
అతను ఎవరికైనా చెప్పాడో లేదో.

నేను కప్పులు చూసేవాణ్ణి.
స్లేటు పలకల మీద పాకి పాకి మోకాళ్లు అరిగినవాణ్ణి.
మార్చిలో ఒడెసా గాస్కిల్ ఫోన్ చేసింది,
"నడికొప్పు కుంగింది, వచ్చి చూడు" అని.
తొంభైకి నాలుగు తక్కువ.
ఆమె కొప్పు మాత్రం ఒక్క వెంట్రుక జారలేదు.

అటక మీద ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగాను,
రసమట్టం పెట్టాను, రెండుసార్లు కొలిచాను.
నడిమధ్యన మూడంగుళాలపావు.
కిందికి దిగేసరికి ఆమె సొరుగు లాగి
మడతలు చిరిగిన నీలి కాగితం పరిచింది.
మూలన పెన్సిలు రాత:
"పాతదిలా కనిపించుటకై కొప్పు రెండంగుళాలు కుంగించవలెను."

దాని అడుగున దస్తావేజు.
శ్వేతజాతివారు కానివారెవరూ
ఈ గడపలో కాపురముండరాదు,
పనివాళ్లకు మినహాయింపు.
ఆ వాక్యం చుట్టూ గుండ్రంగా కాఫీ మరక.
"అరవై రెండులో థర్మన్ దీన్ని పైకి చదివాడు,
కప్పు తీసుకెళ్లి సరిగ్గా అక్కడ పెట్టాడు."
ఆ చలికాలమంతా పిల్లల్ని
వీధివైపు గదిలో పడుకోబెట్టలేదట.
మెట్ల కిటికీలో ఒక్క డైమండు ముక్క
మిగతావాటికన్నా కాస్త పచ్చగా ఉంది.
ఏమిటని అడిగాను.
"రాయి" అంది. అంతే.

పాత కట్టడాల కమిటీవాళ్ల ఉత్తరం బల్ల మీదుంది:
కప్పును తొలినాటి స్థితికి తేవాలట.
అంటే జాకీ పెట్టి లేపి, లేపి,
అబద్ధపు వంపు దగ్గర ఆపాలన్నమాట!
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.
"మరి ఆ మిగిలిన అంగుళంపావు ఎవరిది?"

ఏం చెప్తాను?
డెబ్బయ్యెనిమిది మంచు కొంత అయ్యుంటుంది.
వాసాలు ఎండి బిగుసుకోవడం కొంత.
ఎమెరీ అటకెక్కించిన డ్రమ్ములూ,
అవి వాయించడానికొచ్చిన అరడజను కుర్రాళ్లూ కొంత.
థోర్స్‌బీకి దొరకనిది అదొక్కటే,
ఎంత రొక్కమిచ్చినా
కొలతల్లో రాయించుకోలేకపోయింది.

లేపలేదు.
ఇంకా దిగకుండా నడిమధ్యన ఒక నిలువు కర్ర ఇచ్చాను.
కొత్త పైన్ కర్ర. పసుపుపచ్చగా ఉంది,
జిగురు వాసన వేస్తోంది,
మిల్లువాళ్ల ఎర్ర ముద్ర ఇంకా పోలేదు.
దాన్ని గొలుసుతో కొట్టలేదు.